దూరదేశపు సరకు చవుక యేల?

(గద్వాలలో జరిగిన సైకిలు యువకుల సమావేశమున చేసిన ఉపన్యాసపు పాఠము)



వనపర్తి నుండియు, నాగర్‌కర్నూలు నుండియు కొందఱు నేటి యీ సమావేశమునకు సైకిళ్లపైననే వచ్చిరని విని మిక్కిలి సంతసించితిమి. మీరు మా ముందుంచిన ప్రశ్న యొక్కటియే. సైకిలునకు వేయు గేర్ల సామగ్రియో, బ్రేకులో, టైర్లో అంతర్జాలమున విదేశపు వర్తకుడు చూపు ధరకును, మన పట్టణపు దుకాణదారుడు చెప్పు ధరకును నింత భేద మేల? ఈ ప్రశ్నతోబాటు మీలో పలువురి నోట తీర్పు కూడ వెడలుచున్నది. "మన సేటు దోచుకొనుచున్నాడు" అని. న్యాయవాద వృత్తిలో నున్న మాకు విచారణకు ముందు వెలువడు తీర్పు లనిన వెగటు. ముద్దాయిని బోనులో నిలుపుడు, వద్దనము. కాని సాక్ష్యము చూచిన పిదపనే శిక్ష మాట యెత్తుదము.

మొదటి సాక్షిని మీరందఱు నెఱుగుదురు. అది నల్లరంగు పెద్ద సైకిలు. పాలక్యాన్లు మోసినది, గడ్డిమోపులు మోసినది, రాజోలి, గద్వాల మగ్గముల కడనుండి చీరల మూటలు మోసినది. ఆ సైకిలును పరదేశము నుండి తపాలాలో తెప్పించుకొన్నవాని నెవనినైన చూచితిరా? మేము చూడలేదు. అచ్చటనుండి సుంకము కట్టి తెచ్చి మన లుధియానా బండికన్న తక్కువ కమ్ముట యెవనికిని సులభము కాదు. కావున దూరదేశపు సరకంతయు చవుక యను మాట సరి కాదు. ఏ సరకు చవుక, ఏది కాదు అను విభజనయందే మన ప్రశ్నకు సగము జవాబున్నది.

ఆ నల్ల సైకిలును ఒకప్పుడు పరదేశిదే. నాటింగ్‌హామ్‌లోని రాలీ, బర్మింగ్‌హామ్‌లోని బి.ఎస్.ఎ., హెర్క్యులిస్ బండ్లు ఓడలలో బొంబాయి, మదరాసు రేవుల దిగెడివి. 1930 తరువాతి దశకమున జపాను సైకిళ్లు వానికన్నను చవుకగా వచ్చి పడెను. మన ప్రాంతపు వారికి మరియొక బాధ యుండెను. నాడు గద్వాల, వనపర్తి సంస్థానములు నిజాము రాజ్యములోనివి. 1802 నాటి వర్తకపు టొడంబడిక ననుసరించి ఆ రాజ్యము సరిహద్దున సామాన్యముగా నూటికి 5 చొప్పున కరోడ్‌గిరీ వసూలు చేసెడిది. బొంబాయి రేవున ఆంగ్ల ప్రభుత్వమునకు సముద్రసుంకము చెల్లించి వచ్చిన సరకే హైదరాబాదు సరిహద్దున రెండవసారి సుంకమిచ్చెడిది. తుంగభద్ర కావలి యొడ్డున కర్నూలు, ఈవలి యొడ్డున అలంపురము. నడుమ నున్నది నీరే గాని, సరకునకు మాత్రము అది యొక గోడ. "ఏటికావల చవుక" యను మాట మన తాతల కాలమునుండి నడిగడ్డలో నున్నదే. ఇప్పుడు ఏటికి బదులు సముద్రము వచ్చినది, కథ పాతదే.

సైకిలు తయారీ మన దేశమున రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు వెనుకల బొంబాయి, కలకత్తాలలో తలయెత్తెను. స్వాతంత్ర్యము వచ్చిన పిదప దిగుమతులను కట్టడిచేసి, స్వదేశపు తయారీకి నీడ కల్పించిరి. 1949లో మదరాసున టి.ఐ. సైకిల్స్, 1956లో లుధియానాలో హీరో సైకిల్స్ వెలసెను. లుధియానా వీధులలో ఒకడు ముందుఫోర్కు, ఒకడు పెడలు, ఒకడు గంట, ఒకడు బాలుబేరింగు, ఇట్లు వేయిచేతుల పని యొక్క యూర చేరెను. 1986 నాటికి హీరో సంస్థ ప్రపంచమున నెక్కువ సైకిళ్లు చేయునదిగా గిన్నిస్ గ్రంథమున కెక్కెను. గోడ కట్టుట మాత్రమే కాక గోడవెనుక కొలిమి కూడ రాజుకొన్నందున ఆ బండి చవుకయైనది. ఈ భేదమును జ్ఞాపకముంచుకొనుడు. ముందు మరల పనికి వచ్చును.

ఇక మీరు చవుకయని చూపు సరకు లేవి? చైనును ఒక పండ్లచక్రము నుండి మరియొక దానిపైకి మార్చు డీరెయిలరు, పది పండ్రెండు చక్రముల క్యాసెట్టు, నూనెతో పనిచేయు డిస్కు బ్రేకులు, తేలికయైన చక్రములు. వీనిలో మేలైనవి యధికభాగము జపాను, తైవాను, చైనాలలోను, కొన్ని ఐరోపాలోను పుట్టుచున్నవి. షిమానో సంస్థ 1921లో జపానుదేశపు సకాయి నగరమున ఫ్రీవీలు తయారీతో మొదలిడినది. తైవానులో 1972లో జైంట్ సంస్థ పుట్టి, ఇతరుల పేర్లతో బండ్లు చేసి యిచ్చి, పిదప తన పేరుతోనే ప్రపంచమునకు అమ్మినది. తైచుంగ్ నగరము చుట్టు భాగములు చేయు కర్మాగారములు ఒకదాని ప్రక్క నొకటి యున్నవి. అనగా అది వారి లుధియానా. మనము చేయని సరకే మనకు దూరమున చవుకగా కనబడుచున్నది. ఇది తొలి సంగతి.

రెండవది చేతుల లెక్క. జపానునుండి బయలుదేరిన డీరెయిలరు గద్వాల చేరులోపల దేశమంతటికి నొక్కడైన దిగుమతిదారుని చేయి, హైదరాబాదు టోకు వర్తకుని చేయి, మన సేటు చేయి దాటవలెను. ఈ దారిని తెలిసికొనుటకు ఒక ఊహాలెక్క వేసెదము. అంకెలు మావే, దారి మాత్రము నిజము. కర్మాగారమున సరకు 1000 రూపాయ లనుకొనుడు. రేవున సుంకము 200. దిగుమతిదారుడు నూటికి 30, టోకువాడు 15, దుకాణదారుడు 20 చొప్పున వేసికొందురు. దిగుమతిదారుడు తన 30 వంతులను 1000 మీదనే గాక, తాను కట్టిన 200 మీదను వేయును. ఆ సొమ్మును అతని పెట్టుబడియే గదా. ఆ విధముగా 200 రూపాయల సుంకము తొలి చేత 260, రెండవ చేత 299, మన సేటు చేత 358 రూపాయల 80 పైసలగును. ఖజానాకు చేరినది 200. మీరిచ్చినది దాదాపు 359. జీఎస్టీకి వర్తకుడు తాను ముందు కట్టినదానిని తిరిగి జమ వేసికొను వీలున్నది. కస్టమ్స్ సుంకమున కట్టి వీలు లేదు. కావున అది మెట్టు మెట్టునకు పిల్లలు పెట్టును. పూర్తి సరకు ధర 2152 రూపాయల 80 పైసలు. నూటికి 5 చొప్పున జీఎస్టీ కలిపిన 2260 పైచిలుకు. ఇందులో మన సేటునకు మిగులునది తుదిమెట్టు వాటా మాత్రమే. దానిలోనుండియే దుకాణపు అద్దె, కుఱ్ఱవాని జీతము, మూడేండ్లు బల్లమీద దుమ్ముపట్టిన టైర్ల నష్టము గడవవలెను.

గద్వాలవారికి ఈ లెక్క క్రొత్త గాదు. నూలుమేనికి పట్టు అంచులు జతపఱచి నేసిన చీర మగ్గము దిగునప్పటి వెలకును, హైదరాబాదు అద్దాల దుకాణములోని వెలకును గల యెడము నేతగాండ్రకు తెలియును. చీర గద్వాల విడుచుచు నెక్కిన మెట్లనే డీరెయిలరు గద్వాలకు వచ్చుచు నెక్కుచున్నది. ఒకచోట ఆ మెట్లను తిట్టి, మరియొకచోట తుదిమెట్టున నిలిచినవాని నొక్కనినే తిట్టుట న్యాయము కాదు.

ఇక సముద్రముల కావలనున్న వర్తకుని దారి చూడుడు. ఉత్తర ఐర్లండులోని బాలినూర్ యను గ్రామమున 1984లో ఒక దంపతులు చిన్న సైకిలు దుకాణము పెట్టిరి. మన వనపర్తి దుకాణమువంటిదే. అదియే చైన్ రియాక్షన్ సైకిల్స్ అను పేర అంతర్జాలము ద్వారా ప్రపంచమంతటికి భాగములు పంపు మహావర్తకమైనది. అట్టివాడు దేశపు దిగుమతిదారుని ద్వారా ఒకటి రెండు కొనడు. వేలకొలది యొక్కమారు కొనును. అంతియే గాక సైకిళ్లు బిగించు కర్మాగారములకు డీరెయిలర్లు అందమైన పెట్టెలు లేక, గుత్తగా, చాల తక్కువ వెలకు పోవును. అచ్చట మిగిలినవి సందుత్రోవలలో ఇట్టి వర్తకుల కొట్లకు చేరుటయు కలదు. పెట్టె లేని సరకు తెరమీద చవుకగా కనబడుట అందుచేతనే.

దానిపై పన్నుల మర్మము. బ్రిటనులో వ్యాట్ నూటికి 20. వారి తెరమీద 60 పౌనులని యున్న సరకులో 10 పౌనులు పన్నే. అది దేశము విడిచి పోవునప్పుడు ఆ పన్ను పడదు. మీకు కనబడునది 50. వారి దేశస్థునికన్న మీకే తక్కువ. ఇటు మీ దేశమున దిగినప్పుడు ఇచ్చటి పన్ను పడినచో లెక్క సరిపోవును. పడనిచో రెండు దేశముల పన్నులును తప్పించుకొన్న సరకగును. ఆస్ట్రేలియాలో సరిగా నిట్లే జరిగెను. 1000 డాలర్ల లోపు పార్శిలుపై 2018 జూన్ వరకు వారి జీఎస్టీ లేకుండెను. అచ్చటి సైకిలు దుకాణదారులు మొఱపెట్టిరి. 2018 జూలై 1 నుండి పరదేశపు పెద్దవర్తకుల చేతనే దానిని వసూలు చేయింపసాగిరి. ఐరోపా కూటమి 22 యూరోల లోపు మినహాయింపును 2021 జూలైలో నెత్తివేసెను. అమెరికా 800 డాలర్ల మినహాయింపును 2025 ఆగస్టు 29న అన్ని దేశముల సరకునకు నిలిపివేసెను. మెల్‌బోర్నులోనో, డల్లాసులోనో నున్న మన పాలమూరు బిడ్డ "అన్నా, ఇక్కడ సగం ధరకే దొరుకుతుంది" అని ఫోనులో చెప్పినప్పుడు, అది యే యేటి మాటయో యడుగుట మంచిది.

తపాలాకూలిలో గూడ నొక చిత్రమున్నది. 1874లో బెర్న్ నగరమున పుట్టిన విశ్వతపాలా సంఘపు ఒప్పందముల ప్రకారము, ఒక దేశపు పార్శిలును మరియొక దేశపు తపాలా ఇంటింటికి చేర్చినందుకు తీసికొను కూలి దేశముల తరగతినిబట్టి నిర్ణయమగుచు వచ్చెను. చైనానుండి బయలుదేరిన చిన్నపొట్లము అమెరికాలో నొక యూరినుండి మరియొక యూరికి పోవు పొట్లముకన్న తక్కువ కూలికి చేరెడిది. దానిపై రేగిన తగవే 2019 సెప్టెంబరున జెనీవాలో ఆ సంఘపు విశేషసభకు కారణమయ్యెను. పెద్ద దేశములకు తమ కూలిని తామే నిర్ణయించుకొను హక్కు వచ్చెను. మన దేశమున 2020 నవంబరులో అలీ ఎక్స్‌ప్రెస్ అను చైనా విపణిని నిషేధించుటతో ఆ చిన్నపొట్లముల దారి చాలవఱకు మూతపడినది.

ఇప్పుడు మన ఊహాలెక్కను ముగించెదము. అదే 1000 రూపాయల సరకుపై పరదేశపు వర్తకుడు నూటికి 15 మాత్రమే వేసి 1150 చూపినాడు. మన సేటు 2260. భేదము 1110, కోపము వచ్చుట సహజమే. కాని తపాలాకూలి 150 చేరి 1300 అయినది. మన కస్టమ్స్ చట్టము వస్తువు వెలమీదనే గాక తెచ్చిన కూలి, భీమాల మీదను సుంకము లెక్కించును. సుంకము, సర్‌చార్జి, జీఎస్టీ యన్నియు కలిసి నూటికి 40 పడినవనుకొన్న 1820 అగును. 1110 భేదము 440కి దిగినది. ఆ 440 కొఱకు మీరు విడిచిపెట్టున దేమో న్యాయవాదిగా చెప్పుట మా విధి.

కొందఱు బంధువులచేత "కానుక" యని వ్రాయించి తెప్పించుకొనుచున్నారని వింటిమి. 2019 డిసెంబరు 12 నాటి ప్రకటనతో తపాలా, కొరియరుల ద్వారా కానుకల పేరిట దిగుమతి నిలిచిపోయినది. ప్రాణరక్షక ఔషధములకును, రాఖీలకును మాత్రమే మినహాయింపు. అబద్ధపు వెల, అబద్ధపు పేరు వ్రాసిన సరకు 1962 నాటి కస్టమ్స్ చట్టము 111వ సెక్షను క్రింద జప్తునకు గురియగును. 112వ సెక్షను క్రింద జరిమానా వేరు. నాలుగువందల లాభమునకై పెట్టు పందెము కాదది.

మరియొకటి. మన సేటు అమ్మిన బ్రేకు చెడినచో 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము ప్రకారము మీరు నివసించు జిల్లాకు సంబంధించిన కమిషనులోనే ఫిర్యాదు చేయవచ్చును; అమ్మినవాని యూరు పోనక్కఱలేదు. పరదేశపు వర్తకునికి మన దేశమున కార్యాలయమో, ఆస్తియో లేనిచో, కమిషను ఉత్తర్వు చేతికి వచ్చినను దానిని అమలుపఱచుట మృగతృష్ణయే. అమ్మినవాడే లేకుండపోయినచో ఇక చెప్పనేల? పైన చెప్పిన బాలినూర్ దుకాణము 2016లో పోర్ట్‌స్మత్‌లోని విగిల్ సంస్థతో కలిసి మహావృక్షమై, 2023 అక్టోబరున దివాలాపాలనలోనికి పోయెను. మరుసటి యేట ఆ పేర్లను మరియొక సంస్థ కొనుక్కొనెను. దశాబ్దములుగ మీరు చూచి ఈర్ష్యపడిన చవుకధరలలో కొన్ని ఆ వర్తకునకే గిట్టని ధరలేమో యని మా యనుమానము. అమ్రాబాదు ఘాటులో డిస్కు బ్రేకు పట్టు వదలినప్పుడు చేతిలో స్పానరు పట్టుకొని కూర్చుండువాడు మాత్రము అచ్చంపేటలోనో, నాగర్‌కర్నూలులోనో నుండవలెను. అతడు తాను అమ్మని సరకును బాగుచేయుటకు ముఖము చిట్లించుచున్నాడని మీ ఫిర్యాదు. అతని చిట్లింపునకు మూల మేమో యిప్పటికి మీకు తెలిసియుండును.

ఇంత చెప్పి, "కావున స్వదేశి యనుచు ఎంత యడిగిన నంత యిచ్చి కొనుడు" అని మేము బోధింపము. స్వదేశి యనగా కొనువాని జేబునుండి అలసత్వమునకు పింఛను కట్టుట గాదు. నల్ల సైకిలు కథలో కొలిమి యుండెను. డీరెయిలరు కథలో నేటికిని గోడ పెద్దది, కొలిమి చిన్నది. 2023 ఫిబ్రవరి బడ్జెటులో పూర్తి సైకిళ్లపై సుంకమును 30 నుండి 35 వంతులకు పెంచిరి. పూర్తిబండి మనము చేయగలము గనుక దానికి నీడ నిచ్చుటలో నొక అర్థమున్నది. మనము చేయని భాగములపై గూడ భారము మోపిన, ఆ భాగములతో బండి బిగించి పైదేశమున కమ్మదలచిన లుధియానావానికే దెబ్బ తగులును. గద్వాల మగ్గమునకును ఇట్టిదే తగిలినది. 2021 బడ్జెటులో ముడిపట్టు, పట్టునూలు దిగుమతిపై సుంకము 10 నుండి 15 వంతులైనది. కర్ణాటకపు పట్టురైతునకు మేలని చేసిరి, మేలే కావచ్చును. కాని అంచునకు పట్టు కొనవలసిన నేతగానికి అది కూలిలో కోత. ఒకని గొడుగు మరియొకనిపై చూరునీరు కార్చుచున్నది. ఏ గొడుగు ఎవనికి, ఎన్నాళ్లు అని అడుగు హక్కు మనకున్నది. తగ్గింపు జరుగదని నిరాశపడనక్కఱలేదు. సైకిళ్లపైనను, వాని భాగములపైనను 12గా నున్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 5కు దిగెను గదా!

దారి నడుమ చేతులను తగ్గించుట మన చేతిలోనే యున్నది. మూడు జిల్లాలలోను మీవంటి స్వారులు ఎందఱున్నారో మీరే లెక్కింపుడు. టైర్లు, చైన్లు, బ్రేకుప్యాడ్లు ఏటేట అరుగునవే. ఋతువున కొకమారు అందఱి యవసరములు నొక పట్టీగా వ్రాసి, మీ మీ యూళ్లలోని దుకాణదారులనే ముందుంచి, హైదరాబాదు టోకువానితోనో, నేరుగా దిగుమతిదారునితోనో బేరమాడిన ఒక మెట్టు తెగును. సేటునకు సరకు దుమ్ముపట్టదు; ముందే అమ్ముడైనది గనుక తన వాటా తగ్గించుకొనుటకు వెనుదీయడు. దిగుమతిదారుడు మొండికేసిన గతి లేదనుకొనకుడు. ఇతరదేశమున న్యాయముగా అమ్మకమైన అసలు సరకును మరియొక వర్తకుడు తెచ్చి అమ్ముట ట్రేడ్‌మార్కు చట్టమునకు విరుద్ధము కాదని ఢిల్లీ హైకోర్టు ధర్మాసనము 2012లో సామ్‌సంగ్ వ్యాజ్యెమున తీర్పు చెప్పినది. తయారీదారుని హామీ దానికి లేదని కొనువారికి స్పష్టముగ చూపవలె నన్నది. ఆ నియమమును పాటించిన చాలును.

సేటు బోనునుండి దిగవచ్చును. పూర్తిగా నిర్దోషియని మాత్రము మేమనము. ముద్రించిన గరిష్ఠధరకు మించి వసూలు చేయువాడు, బిల్లు అడిగిన "ఎందుకు లెండి" అని నవ్వువాడు మన పట్టణములందు లేకపోలేదు. అట్టివానికి తూనికలు కొలతల చట్టమున్నది. బిల్లు లేనిదే సరకు కొనకుడు. గత యేడాది మీరు కొన్న సరకుల బిల్లులను, పరదేశమునుండి తెప్పించినవాని సుంకపు రసీదులతో సహా, వచ్చు నెల మొదటి ఆదివారమునాటికి మాకు తెచ్చి యిచ్చినచో, ఊహాలెక్కను విడిచి నిజమైన లెక్క వేయవచ్చును. మన దేశమున తయారుకాని సైకిలు భాగములపై సుంకము తగ్గింపవలసినదని ఆర్థికశాఖకు పంపదలచిన మహజరు తెలుగులోను, ఆంగ్లమునను వ్రాసి యిచ్చట బల్లపై నుంచితిమి. చదివి, తప్పులున్న దిద్ది, సమ్మతమైనవారు క్రింద సంతకములు చేయవచ్చును.